కంబోడియాకి కదిలిన అమెరికా, ఇరాన్‌కి ఎందుకు కదల్లేదు?

కృష్ణాతీరం:
2023 అక్టోబరులో గాజాలో యుద్ధం మొదలైంది, ఏడాది తిరిగేసరికి ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లో దిగింది, 2025 జూన్‌లో ఇరాన్ మీద దాడులు, ఆఖరికి అక్కడి ఫోర్దో అణుకేంద్రం మీద అమెరికా బాంబులే పడ్డాయి. వియత్నాం యుద్ధం నడుస్తుండగా, 1970 ఏప్రిల్ 30న పక్కనున్న కంబోడియాలోకి సైన్యాన్ని పంపుతున్నానని అప్పటి అధ్యక్షుడు నిక్సన్ టీవీలో చెప్పగానే అమెరికా కాలేజీలు అట్టుడికిపోయాయి కదా, ఈసారి అంత కదలిక ఏది? జనానికి పట్టడం లేదా?

పాతపేపర్లు:
పట్టకపోవడం కాదండీ, ఇప్పుడు డ్రాఫ్ట్ (సైన్యంలోకి నిర్బంధ భర్తీ) లేదు. 1969 డిసెంబరు 1న పుట్టినరోజులకు లాటరీ తీసి, ఎవరు ముందు సైన్యంలోకి వెళ్లాలో తేల్చారు. మీ అబ్బాయి తేదీ మొదట్లోనే వస్తే మీరు ఊరుకుంటారా? ఆ నిర్బంధ భర్తీ 1973లో ఆగిపోయింది. ఇప్పుడు బాంబర్లు మిస్సోరీలో లేచి, పని కానిచ్చి, మళ్లీ అక్కడికే వచ్చేస్తాయి.

ఎర్రబస్సు:
అప్పుడు మాత్రం దేశమంతా విద్యార్థుల వెనకాల ఉందా ఏంటి? మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీలో నేషనల్ గార్డ్ సైనికుల కాల్పుల్లో నలుగురు విద్యార్థులు చనిపోతే, తర్వాత గ్యాలప్ సర్వేలో 58 శాతం మంది తప్పు విద్యార్థులదే అన్నారు! నాలుగు రోజులకి న్యూయార్క్‌లో భవన నిర్మాణ కార్మికులే నిరసనకారుల్ని చితకబాదారు.

డల్లాస్ బాబాయ్:
ఇక్కడ చదివే మన పిల్లల సంగతి కూడా చూడండి. 2024 ఏప్రిల్ 30న న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో గాజా నిరసనకారులు ఆక్రమించిన హామిల్టన్ హాల్‌ని పోలీసులు ఖాళీ చేయించారు (1968లోనూ అదే తేదీ, అదే బిల్డింగ్). మరుసటి ఏడాది విదేశీ విద్యార్థుల వీసాలు రద్దు చేయడం మొదలుపెట్టారు. ఊళ్లో పొలం తాకట్టు పెట్టి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాడు ర్యాలీ పక్కనుంచి నడవాలన్నా టెన్షనే, సోషల్ మీడియాలో పాత పోస్టులు కూడా తీసేసుకుంటున్నారు.

కృష్ణాతీరం:
డ్రాఫ్ట్ సంగతి సరే. మరి 2003 ఫిబ్రవరి 15న డ్రాఫ్ట్ లేకుండానే, ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్, రోమ్ వీధులు జనంతో నిండిపోయాయిగా? అయినా ఐదు వారాలు తిరక్కముందే ఇరాక్ మీద బాంబులు పడ్డాయి.

పాతపేపర్లు:
అక్కడే ఉంది కిటుకు. వీధిలో గోల చట్టసభలో ఓటుగా మారాలి. 1970లో ఆ గొడవల తర్వాతే కంబోడియాలో సైన్యానికి డబ్బు ఆపే సవరణని సెనేట్ పాస్ చేసింది, జూన్ ఆఖరికి సైన్యం బయటికొచ్చింది. బాంబులు మాత్రం 1973 ఆగస్టు దాకా ఆగలేదు, అదీ కాంగ్రెస్ డబ్బు ఆపాకే. 2003లో ఇరాక్ యుద్ధం మీద ఓటింగ్‌లో బ్రిటన్ ప్రధాని బ్లెయిర్ సొంత పార్టీ ఎంపీలు 139 మంది ఎదురు తిరిగినా ప్రతిపక్ష టోరీలు (కన్సర్వేటివ్ పార్టీ) ఆయన్ని గట్టెక్కించారు. 2025 జూన్‌లో ఇరాన్ మీద అధ్యక్షుడికి పగ్గం వేద్దామని సెనేట్‌లో తీర్మానం పెడితే 47-53తో పోయింది.