బీఎఫ్ 109 జీ-6 రంగులు: 74, 75, 76 తెరమీద సరిగ్గా రావడం లేదు

కృష్ణలంక_మెష్ (విజయవాడ):
బ్లెండర్‌లో (3డీ సాఫ్ట్‌వేర్) బీఎఫ్ 109 జీ-6 మోడల్ పూర్తయింది, ఇప్పుడు రంగులు వేయాలి. రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ ఫైటర్ ఇది. 1943 నాటి తూర్పు రంగం (సోవియట్‌తో యుద్ధం జరిగిన వైపు) విమానం. నెట్‌లో దొరికిన హెక్స్ కోడ్‌లు (తెర రంగుని సూచించే అంకెలు) ఒకదానికొకటి పొసగడం లేదు. ఆర్‌ఎల్‌ఎం (జర్మన్ విమానయాన శాఖ) రంగు నంబర్లలో 74 ఒకచోటి కోడ్‌తో ఆకుపచ్చగా, ఇంకోచోటి దాంతో నీలంగా వస్తోంది. 76 అయితే రెండర్‌లో (తుది బొమ్మలో) పాలిపోయి తెల్లబడుతోంది. దేన్ని నమ్మాలి? ఇంకొకటి, నా దగ్గరున్న నలుపు తెలుపు ఫొటోలో ఇంజను కింది కవర్ బాగా ముదురుగా ఉంది. అది పసుపా, ఎరుపా? చివరికి గవర్నర్‌పేటలో ఏ2 ప్రింట్ తీయించాలి.

బ్రాడీపేట_షేడర్ (గుంటూరు):
కోడ్‌ల సంగతి తర్వాత అండీ, ముందు మీ సెట్టింగులు చూడండి. వ్యూ ట్రాన్స్‌ఫామ్ (లెక్కగట్టిన రంగుల్ని తెరకి మార్చే సెట్టింగు) ఏజీఎక్స్‌లో ఉందా? బ్లెండర్ 4.0 నుంచి డిఫాల్ట్ అదే. అది వెలుతురు ఎక్కువున్న చోట రంగు గాఢతను తగ్గిస్తుంది, 76 తెల్లబడటానికి ఇదో పెద్ద కారణం. స్టాండర్డ్‌కి మార్చి, ఎమిషన్ షేడర్‌లో (నీడలు లేకుండా రంగు తానే వెలిగే మెటీరియల్) బలం 1 పెట్టి ఆ రంగు చూడండి. పిక్కర్ చూపే విలువ, మీరిచ్చిన హెక్స్ ఒకటే అయితే రంగు సరిగ్గానే లోపలికి వెళ్లినట్టు. తర్వాత ఏజీఎక్స్‌కి తిరిగి వెళ్లి, కోడ్‌ని ముట్టుకోకుండా సూర్యకాంతి బలం తగ్గించుకోండి.

ఆర్‌జీబీ గడుల్లో అంకెలు కొట్టేవాళ్లు ఇక్కడ తరచూ జారిపడతారు. అవి లీనియర్, అంటే తెర అంకెలు కాదు, కాంతి పరిమాణాలు. 128ని 255తో భాగించి 0.502 అని కొడితే తెరమీద 188 అంత లేతగా కనిపిస్తుంది. 128 కావాలంటే 0.216 కొట్టాలి, లేదంటే హెక్స్ గడిలోనే వేయండి. బేస్ కలర్ టెక్స్చర్‌కి కలర్ స్పేస్ ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెర రంగులు), రఫ్‌నెస్ (గరుకుతనం) మ్యాప్‌కి నాన్-కలర్ పెట్టండి. మెటాలిక్ 0. రఫ్‌నెస్ 0.6 దగ్గర మొదలుపెట్టండి.

పటమట_ప్రొఫైల్ (విజయవాడ):
నెట్ కోడ్‌లలో చాలావరకు ఎవరో స్కాన్ చేసిన రంగు చీటీలో, కంపెనీ పెయింట్ డబ్బా చూసి వేసిన అంచనాలో. ల్యాబ్ విలువలు (పరికరంతో కొలిచిన రంగు అంకెలు) దొరికితే అవే మేలు. అవి డీ50 (కాస్త పసుపు ఛాయ ఉన్న ప్రామాణిక వెలుతురు) కింద కొలిచినవైతే డీ65కి (తెరలు వాడే ప్రామాణిక తెలుపు) మార్చకుండా వాడొద్దు, బూడిదరంగు పసుపు వైపు జరుగుతుంది.

ఒక్కో కోడ్‌నీ విడిగా కాకుండా మూడింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. 74 ముదురు బూడిద, అందులో పచ్చ ఛాయ. 75 మధ్యరకం బూడిద, లేశమాత్రం ఊదా. 76 లేత బూడిద-నీలం. రెక్కమీద 74, 75 మధ్య తేడా తక్కువే. దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనిపిస్తోందంటే ఏదో ఒకటి తప్పు. కాక్‌పిట్‌కి 66, చక్రాల గూళ్లకి 02, ప్రొపెల్లర్ రెక్కలకి 70. 81, 82, 83 జోలికి వెళ్లకండి, 1943 నాటి ఈ విమానానికి అవి వర్తించవు. పైగా వాటికి అధికారిక రంగు చీటీలు మిగల్లేదు.

ఫొటో విషయం: అది ఆర్థోక్రోమాటిక్ (పాతకాలపు ఒక నలుపు తెలుపు రకం) ఫిల్ము అయితే, దానికి ఎరుపు కాంతి దాదాపు అంటదు. అందుకే ఎరుపు నల్లగా, పసుపు ముదురుగా, నీలం లేతగా పడతాయి. తోక వైపు పట్టీ చూడండి. తూర్పు రంగంలో అది పసుపు, ఆర్‌ఎల్‌ఎం 04. అదే ఫొటోలో కవర్ కూడా అంతే ముదురుగా ఉంటే అదీ 04 అనుకోవచ్చు. కాకపోతే కవర్ కింది భాగం నీడలో ఉంటుంది కాబట్టి, వెలుగు తగిలే అంచు దగ్గర పోల్చండి.

కృష్ణలంక_మెష్:
పట్టీ, కవర్ అంచు ఒకేలా ఉన్నాయండీ. స్టాండర్డ్‌లో 76 కూడా దారికొచ్చింది. విమానం పక్కలమీది రంగు మచ్చల అంచులు ఎంత మెత్తగా ఉండాలి?

బ్రాడీపేట_షేడర్:
అవి స్ప్రే గన్‌తో కొట్టినవి, కత్తిరించినట్టు ఉండకూడదు. రెక్కల పొడవు 9.92 మీటర్లు. అది 4096 పిక్సెళ్లలో పడితే మీటరుకి 413, అంటే పిక్సెల్‌కి దాదాపు 2.4 మిల్లీమీటర్లు. పక్క భాగాలకూ అదే సాంద్రత ఉంచి, మచ్చ అంచుకి 12 నుంచి 20 పిక్సెళ్ల మెత్తదనం ఇస్తే 3 నుంచి 5 సెంటీమీటర్లు అవుతుంది. మాయడం, వెలిసిపోవడం బేస్ రంగులో కలపొద్దు, వేరే మాస్క్ పొరలో పెట్టండి. లేకపోతే 76ని మళ్లీ సరిచూసుకునే దారే ఉండదు.

పటమట_ప్రొఫైల్:
ప్రింట్‌కి ముందు షాపువాళ్ల దగ్గర ఆ కాగితానికి సరిపడే ఐసీసీ ప్రొఫైల్ (ప్రింటర్ రంగుల వివరాల ఫైలు) అడిగి, సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెరమీదే చూడటం) చూసుకోండి. 74, 75, 76, 04 గడులు నాలుగూ ఏ4 మీద ముందు తీయించండి. ట్యూబ్‌లైట్ కింద సరే అనేయకుండా బయటికి తెచ్చి పగటి వెలుతురులో చూడాలి. సీఎమ్‌వైకేలో (ప్రింటర్ వాడే నాలుగు సిరాల రంగులు) తేడా వస్తే ముందు బయటపడేది బూడిదరంగుల్లోనే, 75 గులాబీ వైపు తిరిగిందేమో ప్రత్యేకంగా గమనించండి.