శాంతిసేనను పంపడం, శాంతిని నిలపడం ఒకటేనా?

ప్రశ్న: నల్లగొండ నుంచి
గ్రూప్-1 మెయిన్స్‌కు సిద్ధమవుతున్నాను. అంతర్జాతీయ శాంతిభద్రతల్లో భారతదేశ పాత్ర అనగానే, ఐక్యరాజ్యసమితి దళాలకు ఇప్పటివరకు 2,50,000 మందికి పైగా సిబ్బందిని పంపామని రాసి ఊరుకుంటున్నాం. శ్రీలంకకు వెళ్లిన భారత శాంతి పరిరక్షణ దళం ఐపీకేఎఫ్‌ను కూడా ఆ లెక్కలోనే చూపవచ్చా? శాంతి పరిరక్షణకూ శాంతి నిర్మాణానికీ తేడా ఏమిటో పెద్దలు చెప్పగలరు.

జవాబు: పాలమూరు, విశ్రాంత రాజనీతిశాస్త్ర అధ్యాపకుడు
ఐపీకేఎఫ్‌ను అందులో కలపవద్దమ్మా. అది 1987 జూలై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే చేసుకున్న ఒప్పందం మీద వెళ్లిన సేనే తప్ప సమితి పంపినది కాదు. అక్కడి తమిళ మిలిటెంట్ల చేత ఆయుధాలు అప్పగింపజేయడానికి వెళ్లిన ఆ సేన, మూడు నెలలైనా తిరగకముందే ఆ మిలిటెంట్లలో ప్రధాన దళమైన ఎల్టీటీఈతో పోరుకు దిగి, సుమారు 1,200 మంది జవాన్లను పోగొట్టుకుని 1990 మార్చిలో తిరిగివచ్చింది. దాని పక్కన 1953 నాటి కొరియాను పెట్టి చూడండి. స్వదేశానికి వెళ్లబోమన్న 22,000 మందికి పైగా యుద్ధఖైదీల భారాన్ని జనరల్ తిమ్మయ్య అధ్యక్షతన తటస్థ దేశాల సంఘం, మన సైనికులు మోయగలిగారంటే, రెండు పక్షాలూ అందుకు ఒప్పుకున్నందువల్లనే.

తేడా మాటకు వస్తే మన జిల్లాల అనుభవమే చాలు. 1948 సెప్టెంబరులో సైన్యం ఐదు రోజుల్లో నిజాం పాలనను ముగించింది గాని, నల్లగొండ పల్లెల్లో తుపాకుల మోత 1951 దాకా ఆగలేదు. తగువు భూమిది కదా. 1950 నాటి కౌలుదారీ చట్టం, మరుసటి ఏడు పోచంపల్లిలో మొదలైన భూదానం ఎంత పనిచేశాయన్నది వేరే చర్చ (చాలా తక్కువేనని నా అభిప్రాయం), కానీ అవి సైన్యం చేయగల పనులు కావు. శాంతి నిర్మాణమంటే ఆ రకం పని.

జవాబు: దేవరకొండ, మాజీ సైనికుడు
నేను కాంగోలో, గోమా ప్రాంతంలోని మన బ్రిగేడ్‌లో పనిచేశాను. మా గస్తీ బండి ముందు నడిస్తేనే ఆడవాళ్లు సంతకు బయలుదేరేవారు. బండి రాని రోజు సంత లేదు. అయితే మేము ఎంతవరకు పోవచ్చో నిర్ణయించేది భద్రతామండలి తీర్మానం. 2012 నవంబరులో సమితి దళాలు ఉండగానే ఎం23 తిరుగుబాటుదారులు గోమాను పట్టుకున్నారు. సాయుధ ముఠాల మీదికి తామే ముందుగా వెళ్లే అధికారమున్న ప్రత్యేక బ్రిగేడ్ 2013 మార్చి తీర్మానంతో గాని రాలేదు. అందులోని సైనికులు దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావీ దేశాలవారు.

నల్లగొండ నుంచి
అయితే సైనికులను ఇచ్చే దేశానికి ఆ తీర్మానాల్లో మాట ఉండదా సార్?

పాలమూరు నుంచి
మండలిలో సభ్యత్వం లేని దేశాన్ని సైన్యం అడిగేటప్పుడు, దాన్ని వినియోగించే నిర్ణయాల్లో పాల్గొనడానికి ఆ దేశాన్నీ పిలవాలని సమితి చార్టర్ 44వ అధికరణం చెబుతోంది. మన ప్రతినిధులు ఆ మాటను పదే పదే గుర్తుచేస్తూనే ఉన్నారు. 2005లో ఏర్పడిన శాంతి నిర్మాణ సంఘంలో మాత్రం ఎక్కువ సైన్యం ఇచ్చే దేశాలకు ఐదు స్థానాలు కేటాయించారు, భారత్ మొదటినుంచీ ఆ సంఘంలో ఉంది. ఆ సంఘం సలహా ఇవ్వగలదే గాని ఆదేశించలేదు.