అమ్మతో జపాన్‌లో 20 రాత్రులు: తొమ్మిది ఊళ్లు పెట్టుకోవడం ఎక్కువవుతుందా?

గోదావరిగట్టు (ప్రశ్న)

మా అమ్మగారికి 67 ఏళ్లు. ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేశారు. ఏటా పిల్లలకు హిరోషిమా పాఠం చెప్పిన మనిషి కనుక, ఆ ఊరిని ఒక్కసారి కళ్లతో చూడాలన్నది ఆమె కోరిక. వచ్చే నవంబరులో మేమిద్దరం వెళ్దామనుకుంటున్నాము. ఆమెకు కుడి మోకాలు నొప్పి. నేల మీద కూర్చోలేరు కానీ, మధ్యమధ్య ఆగుతూ రెండు మూడు కిలోమీటర్లు నడవగలరు. మాంసం, చేప, గుడ్డు తినరు.

నేను వేసుకున్న లెక్క ఇది: టోక్యో 4 రాత్రులు, హకోనే 1, తకయామా 2, కనజావా 2, క్యోటో 4, నారా 1, ఒసాకా 2, హిరోషిమా 2, బెప్పు 2. ఎక్కడికక్కడ తీరిగ్గా ఉండాలన్నదే నా ఉద్దేశం. అయినా కాగితం మీద చూస్తుంటే అది తీరికలా కనిపించడం లేదు. దేన్ని తీసేయాలో తోచడం లేదు. 21 రోజుల రైలు పాస్ తీసుకోవాలా వద్దా అన్నది కూడా చెప్పగలరు.

యొకొహామావాసి

నేను ఆ దేశంలో ఆరేళ్లు ఉన్నాను, మా అమ్మానాన్నలను రెండుసార్లు తిప్పాను. ఊళ్లను కాకుండా పడకలను లెక్కపెట్టండి. మీ జాబితాలో తొమ్మిది పడకలున్నాయి, అంటే ఎనిమిదిసార్లు పెట్టె సర్దడం, ఎనిమిదిసార్లు ఉదయం పదింటికో పదకొండింటికో గది ఖాళీ చేసి, మధ్యాహ్నం మూడింటిదాకా కొత్త గది కోసం ఎక్కడో ఒకచోట కూర్చోవడం. మోకాలు నొప్పి ఉన్నవారిని అలసటకు గురిచేసేది నడక కంటే ఈ మధ్యలోని నాలుగైదు గంటలే.

టోక్యో 5, కనజావా 4, క్యోటో 6, హిరోషిమా 4, చివర ఒసాకాలో 1 చాలు. క్యోటో నుంచి నారాకు రైలులో ముప్పావుగంట, కాబట్టి అక్కడ రాత్రి ఉండనక్కరలేదు. తకయామా బదులు కనజావా నుంచి బస్సులో గంటంబావులో షిరకావాగో వెళ్లి, ఆ గడ్డికప్పు ఇళ్లు చూసి సాయంత్రానికి వచ్చేయవచ్చు. ఆ బస్సుకు ముందుగా సీటు తీసుకోవాలి. విమానం టోక్యోలో దిగేలా, ఒసాకా దగ్గరి కన్సాయ్ విమానాశ్రయం నుంచి ఎక్కేలా తీసుకుంటే మళ్లీ వెనక్కి వచ్చే పని తప్పుతుంది.

రైలు పాస్ మీకు దండగ. 2023 అక్టోబరులో ధరలు పెంచాక 21 రోజుల పాస్ 1,00,000 యెన్లు అయింది. నేను చెప్పిన దారిలో పెద్ద ప్రయాణాలన్నింటికీ విడిగా టికెట్లు కొన్నా మనిషికి దాదాపు 45,000 యెన్లకు మించదు.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. 2024 మార్చి 16 నుంచి హొకురికు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) త్సురుగా అనే ఊరి వరకు వస్తోంది కనుక, కనజావా నుంచి క్యోటో వెళ్లేవారు త్సురుగాలో దిగి మరో రైలు ఎక్కాలి. షింకన్‌సెన్ ఆగేది మూడో అంతస్తులో, రెండో రైలు ఉండేది కింది అంతస్తులో. కొన్ని రైళ్లకు మధ్యలో ఎనిమిది నిమిషాలే ఉంటాయి, జనమంతా ఎస్కలేటర్ల మీదికి పరుగెడతారు. మీరు ఆ పరుగులో చేరవద్దు. టికెట్ కొనేటప్పుడే తరువాతి రైలు అడిగి, లిఫ్టులో దిగి, కిందనున్న బల్ల మీద నీళ్లు తాగి ఎక్కండి.

పెట్టెలను హోటల్ నుంచి హోటల్‌కు పంపే పార్సిల్ సేవ ఉంది, దాన్ని తక్యూబిన్ అంటారు. కౌంటరులో చీటీ రాసిచ్చేస్తే సాధారణంగా మరునాటికి అక్కడ ఉంటాయి. అమ్మగారి మందులు, ఒక జత బట్టలు చేతిసంచిలో పెట్టుకుంటే చాలు.

కనజావాను మాత్రం తీసేయకండి. కెన్‌రొకుఎన్ తోటలో, మంచు బరువుకు పైన్ కొమ్మలు విరగకుండా చెట్టు నడుమ గడకర్ర నాటి, దాని కొసనుంచి తాళ్లను గొడుగు పుల్లల్లా దించి కడతారు. ఆ పని నవంబరు 1న మొదలవుతుంది. చెట్టు పైనున్నవాడు తాడు విసరడం, కిందివాడు అందుకొని కొమ్మకు ముడివేయడం మా అమ్మ గంటన్నరసేపు బల్ల మీద కూర్చొని చూసింది. ఆ రోజు మేము వేరే ఏమీ చూడలేదు.

చిన్నకోడలు

పై సలహాతో ఏకీభవిస్తున్నాను. మా అత్తగారితో వెళ్లినప్పటి సంగతులు కొన్ని చేరుస్తాను.

సంప్రదాయ సత్రాలలో పడక నేల మీదే వేస్తారు, భోజనం కూడా చాలా చోట్ల నేల మీద కూర్చొనే. మంచం ఉన్న గది కావాలని ముందే అడగాలి. మేము అడగలేదు. తెల్లవారుజామున ఆమెను లేపడానికి నేనూ మావారూ చెరో భుజం పట్టుకోవలసి వచ్చింది. దేవాలయాలలో చెప్పులు విప్పడం, వేసుకోవడం పదేపదే ఉంటుంది కాబట్టి లేసులు లేని బూట్లు కొనండి.

క్యోటోలో అందరూ వెళ్లే కియోమిజు గుడికి చివరిదాకా ఎత్తు దారి, నవంబరు రెండో సగంలో ఆకులు ఎర్రబడేసరికి కాలు పెట్టే సందుండదు. దాని బదులు సంజూసంగెన్‌దో చూపించండి. సుమారు 120 మీటర్ల పొడవున్న ఒకే మండపంలో కరుణకు ప్రతీకైన బోధిసత్త్వుడు కన్నోన్ విగ్రహాలు 1,001, వాటి ముందు వరుసలో 28 మంది పరివార దేవతలు ఉంటారు. మా అత్తగారు వేణువు ఊదుతున్న రెక్కల విగ్రహం ముందు ఆగి, "ఈయన మన గరుత్మంతుడు కాదుటే?" అన్నారు. నిజంగానే ఆయన గరుడుడు. జపానువారు కరురా అంటారు. ఆ వరుసలో ఇంద్రుడూ బ్రహ్మా కూడా ఉన్నారని తెలిశాక ఆమెను అక్కడినుంచి కదిలించడం మా వల్ల కాలేదు.

హిరోషిమా మ్యూజియానికి పొద్దున్నే వెళ్లండి, ఆ మధ్యాహ్నానికి ఏమీ పెట్టుకోకండి. కాలిపోయిన మూడు చక్రాల సైకిలు ఒకటి అక్కడ ఉంది. అది మూడేళ్ల పిల్లవాడిది. అది చూసి వచ్చినవారికి వెంటనే ఇంకో చోటు చూడాలనిపించదు. మియాజిమా దీవికి మరునాడు వెళ్లవచ్చు, పడవలో పది నిమిషాలే.

ఆవకాయజాడీ

తిండి గురించి రాస్తాను. చిక్కంతా దషి అనే కట్టులో ఉంది. ఎండబెట్టిన చేప తురుముతో కాచే ఆ కట్టు నూడుల్స్‌లోనూ, టోఫు పులుసులోనూ, ఉడికించిన కూరల్లోనూ ఉంటుంది. "మాంసం వద్దు" అంటే చాలదు, దషి కూడా వద్దని జపనీస్‌లో రాసిన చీటీ దగ్గర ఉంచుకోండి. దుకాణాలలో అమ్మే ఉమె (ఉప్పులో ఊరవేసిన పుల్లని పండు) పెట్టిన అన్నం ముద్దలు మన ఉసిరి పచ్చడి అన్నంలా పుల్లగా, ఉప్పగా బాగుంటాయి కానీ, కొన్నింటిలో చేప తురుము కలుపుతారు. క్యోటోలో షోజిన్ ర్యోరి అనే బౌద్ధమఠ భోజనం దొరుకుతుంది, దానిలో చేప కట్టు వాడరు. చిన్న వంటగది ఉన్న గది ఒక్క ఊళ్లోనైనా తీసుకుంటే పప్పన్నం తిన్న తృప్తి ఉంటుంది.

పచ్చళ్లు తీసుకువెళ్లేటప్పుడు ఇంకెవరైనా అభిమానంగా చికెన్ పచ్చడి కట్టిస్తే వద్దనండి, మాంసం కలిసినదేదీ ఆ దేశంలోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. డాక్టరు రాసిన మందులు నెలకు సరిపడా వరకు తీసుకుపోవచ్చు, అంతకు మించితే ముందే అనుమతిపత్రం తెచ్చుకోవాలి. సూడోఎఫెడ్రిన్ 10 శాతానికి మించి ఉన్న జలుబు మాత్రలు అక్కడ నిషిద్ధం. మన ఇళ్లలో మామూలుగా వాడేవాటిలోనూ అది ఉండవచ్చు కనుక పెట్టెలో పడేసే ముందు అట్ట మీద చదవండి.

ఉత్తరాంధ్రబాటసారి

అందరూ బెప్పును కొట్టేశారు, నాకు ఒప్పుదల లేదు. మోకాలి నొప్పికి వేడినీళ్ల కంటే హాయి ఏముంది? హిరోషిమా నుంచి కొకురాలో ఒక్కసారి రైలు మారితే చాలు. అయితే ఉమ్మడి స్నానశాలల్లో ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి, ఆడవారికి వేరుగా ఉన్నా మన పెద్దలు ఒప్పుకోరు. గంట లెక్కన విడిగా అద్దెకిచ్చే స్నానపు గదులున్నాయి, అదీ కాదంటే పాదాలు మాత్రమే పెట్టుకునే తొట్లున్నాయి.

గోదావరిగట్టు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఇవన్నీ అమ్మకు చదివి వినిపించాను. బెప్పు స్నానాల దగ్గరికి వచ్చేసరికి, "ఆ వేడినీళ్లేవో మనింట్లోనే కాచుకుంటాను" అన్నారు, కాబట్టి బాటసారి గారు మన్నించాలి.

యొకొహామావాసి గారి జాబితాలో ఆమె ఒక్క మార్పు చేశారు. హిరోషిమాను చివర్లో పెట్టవద్దన్నారు. అది చూసి ఒక్కరోజులో విమానం ఎక్కడం తనవల్ల కాదనీ, తరువాత ఎక్కడైనా కొన్నాళ్లు ఊరికే ఉండాలనీ ఆమె మాట. అందుకని టోక్యో 5, కనజావా 4, హిరోషిమా 4, క్యోటో 7 రాత్రులు అనుకున్నాము. క్యోటో నుంచి కన్సాయ్ విమానాశ్రయానికి నేరుగా రైలుంది కనుక ఒసాకా రాత్రి కూడా తీసేశాము, పడకలు నాలుగే అయ్యాయి. కనజావా నుంచి హిరోషిమా ప్రయాణం కొంచెం పొడుగే. త్సురుగాలోనూ షిన్-ఒసాకాలోనూ రైలు మారాలి. పెట్టెలు ముందురోజే పంపేసి, త్సురుగాలో తరువాతి రైలుకే టికెట్ తీసుకుంటాను. లేసులు లేని బూట్లు ఈ ఆదివారం కొంటున్నాము, వాటిని ఇప్పటినుంచే వేసుకొని గట్టు మీద నడుస్తానని అమ్మ అంటున్నారు.