దగ్గితే మూత్రం పడుతోంది: ఆరు వారాలు కెగెల్ చేయించినా తేడా లేదు, తప్పెక్కడ?

గుంటూరు_ఏఎన్ఎం: మిరపకాయలకు తొడిమలు తీసే పనికెళ్ళే ఆడవాళ్ళ గురించి అడుగుతున్నాను. ఘాటుకి దగ్గు, తుమ్ము ఆగవు, ప్రతిసారీ చుక్కలు పడతాయి. కెగెల్, అంటే మూత్రసంచిని కింద నుంచి మోసే కండరాన్ని బిగించి వదిలే వ్యాయామం, చేయించాను: "మూత్రం ఆపుకున్నట్టు బిగించి పది లెక్కపెట్టండి" అని చెప్పాను. ఆరు వారాలైంది, ముగ్గురికి ఏ మార్పూ లేదు. లోపల పరీక్ష చేయకుండా బిగింపు సరిగ్గా ఉందో లేదో తెలుస్తుందా?

బెజవాడ_ఫిజియో: తెలుస్తుందండీ. ముందు వాళ్ళు బిగిస్తున్నారో, ముక్కుతున్నారో చూడండి. నోటిమాటగా చెబితే కొందరు కిందికే తోస్తారు, బిగించామనే అనుకుంటారు. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి, యోనికీ మలద్వారానికీ మధ్య చోట బట్ట మీద నుంచే వేలు ఆనించమనండి. బిగించగానే ఆ చోటు లోపలికి, పైకి పోవాలి. వేలిని బయటికి నెట్టిందంటే ముక్కుతున్నట్టే.

పిరుదులు, తొడలు బిగుసుకున్నా లెక్కలోకి రాదు. ఊపిరి బిగబట్టడం అన్నిటికంటే చెడ్డది: పొట్టలో ఒత్తిడి పెరిగి మూత్రసంచి మీదే పడుతుంది. "గ్యాస్ పోకుండా ఆపుకోండి, ఆ బిగువునే ముందుకు, మూత్రద్వారం దాకా లాగండి" అని చెప్పండి, తొందరగా అర్థమవుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని మాత్రం వ్యాయామంగా చేయించకండి, సంచి పూర్తిగా ఖాళీ కాదు.

మొదటి రోజే పది లెక్కంటే ఎక్కువ. కండరం నాలుగో సెకనుకే వదిలేస్తే మిగతాదంతా పిరుదుల పనే. మూడు సెకన్లు బిగింపు, అంతసేపూ పూర్తి వదులు. అలా 8 సార్లు, రోజుకు మూడు పూటలు. కనీసం మూడు నెలలు చేయాలి కాబట్టి ఆరు వారాలకే తేల్చేయకండి.

పెల్విక్_రిహాబ్_గుంటూరు: బలం ఒక్కటే సరిపోదు, వేళ ముఖ్యం. దగ్గు ఒత్తిడి మూత్రసంచిని తాకేలోపే కండరం బిగుసుకోవాలి, ఈ సమస్య ఉన్నవాళ్ళలో చాలామందికి అది ఆలస్యమవుతుంది. అందుకని దగ్గు వస్తోందనగానే బిగించి, ఆ బిగువు మీదే దగ్గించండి. 1998లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఈ కిటుకుతో వారంలోనే చుక్కలు బాగా తగ్గాయి. పడుకుని చేయడం వచ్చాక కూర్చుని, నిలబడి, చివరికి గొంతుకూర్చుని నేర్పండి. తొడిమల పనిలో కావలసింది ఆ ఆఖరిదే. ఒక్కో సెకను చొప్పున పది చురుకు బిగింపులు కూడా కలపండి. ముక్కుకి గుడ్డ కట్టుకుంటే దగ్గే తగ్గుతుంది, దాన్ని మరవద్దు.

గుంటూరు_ఏఎన్ఎం: వేలు ఆనించినా కదలికే తెలియకపోతే?

బెజవాడ_ఫిజియో: అలాంటివాళ్ళని ఇంట్లో చేసుకోమని వదిలేయకండి. గైనకాలజిస్టు దగ్గరికో, ఈ పని తెలిసిన ఫిజియో దగ్గరికో పంపండి, లోపల పరీక్ష చేసి బిగింపు బలాన్ని ఆక్స్‌ఫర్డ్ స్కేలు మీద 0 నుంచి 5 దాకా కొలుస్తారు. అసలు బిగించలేనివాళ్ళకి ఎలక్ట్రికల్ స్టిమ్యులేషన్ (సన్నని కరెంటుతో కండరాన్ని బిగించేలా చేయడం) ఆలోచిస్తారు. మూత్రంలో రక్తం, మంట, కిందికి ఏదో జారినట్టుండటం, బిగిస్తే నొప్పి ఉన్నా వెంటనే పంపండి. నొప్పి ఉన్నవాళ్ళలో కండరం వదులవడమే రాకపోవచ్చు, వాళ్ళకి కెగెల్ చెబితే బాధ పెరుగుతుంది.

పెల్విక్_రిహాబ్_గుంటూరు: ఇంకోటి. చుక్కలు పడతాయన్న భయంతో ఎండల్లో నీళ్ళు మానేస్తారు. మూత్రం చిక్కబడి సంచి ఇంకా చిరాకు పడుతుంది. మలబద్ధకం ఉంటే రోజూ ముక్కుడే, ముందు దాని సంగతి చూడండి.