ఉపాధి హామీ సామాజిక తనిఖీ ఊరికి బలమా, చిన్న ఉద్యోగికి శిక్షా?

డిండి_రైతు:
మా మండలంలో మొన్న ఉపాధి హామీ ప్రజావేదిక అయింది, అంటే తనిఖీలో తేలినవి అందరి ముందు చదివే సభ. అంతకుముందు వేరే ఊళ్ల కూలీల ఇళ్ల నుంచి వచ్చిన చదువుకున్న పిల్లలు మస్టర్లు (హాజరు పట్టీలు) పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. "ఈ పనికి పోయినవా అమ్మా, పైసలు ముట్టినయా" అని అడిగి రాసుకున్నారు. చనిపోయిన ఒక ముసలమ్మ పేరు మీద హాజరు పడినట్టు అట్లనే బయటపడింది. ఈ సామాజిక తనిఖీ 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చిన హక్కు. ఓటు అయిదేళ్లకోసారి వేస్తాం. ఈ తనిఖీ ఆరు నెలలకోసారి జరగాలని 2011 నిబంధనల్లో ఉంది. ఊళ్లో ప్రజాస్వామ్యం కంటికి కనబడేది ఇక్కడే అంటాను. మీరేమంటారు?

ఎఫ్‌ఏ_నాగర్‌కర్నూల్:
అన్నా, వేదిక కింద కూర్చుని చూసినవాళ్లకు అట్లనే ఉంటది. నేను ఊళ్లో ఈ పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్‌ని, జవాబు చెప్పేటందుకు పైన నిలబడ్డ. రోడ్డు పక్క మొక్కలకు నీళ్లు పోసిన ట్యాంకర్ బిల్లు నెలల తరబడి రాలేదు. ఎండాకాలం మొక్కలు చచ్చినయి. ఆ నష్టం నేనే కట్టాలని రికవరీ నా పేరు మీద రాశారు. బిల్లు ఆపినవాళ్లను పిలిచి అడిగినోళ్లు లేరు. సమ్మె చేసినమని 2020లో మమ్మల్ని తీసేసి, 2022లో మళ్లీ తీసుకున్నారు. మా బతుకు మీద తనిఖీ ఎవరు చేయాలె?

డిండి_రైతు:
మొక్కల సంగతి తర్వాత. చనిపోయినామె హాజరు ఎట్లా పడింది?

ఎఫ్‌ఏ_నాగర్‌కర్నూల్:
అది మీ ఊరి మస్టర్, నాది కాదు. కూలీల గుంపును చూసే మేటీ రాసిండేమో.

పాలమూరు_వలస:
ఇద్దరూ పైసల కాడనే ఆగారు. నీటికుంట తవ్వితే టేపు పెట్టి పొడుగు, వెడల్పు, లోతు కొలుస్తారు. పని కొలతలు రాసే ఎం బుక్‌తో సరిపోతే పని బాగున్నట్టే. ఆ కుంటలో దసరా దాకా నీళ్లు నిలిచినయా, ఒక్క బోరన్నా తేరుకుందా అని అడిగే గడే తనిఖీ ఫారంలో లేదు. మహబూబ్‌నగర్, నల్లగొండ రెండూ 2006లో మొదటి విడతలోనే ఈ పథకంలో చేరిన జిల్లాలు. వలస ఆగాలని కదా పెట్టుకున్నది? నేనింకా పుణెలో సెంట్రింగ్ పనిలోనే ఉన్నా. పథకం పనిచేసిందా లేదా అని మా ఊళ్లో నన్ను ఎవరన్నా అడిగారా?

డిండి_రైతు:
తమ్ముడూ, అది పెద్దపెద్ద సంస్థలు అధ్యయనం చేసి చెప్పే మాట. కూలీకి ముందు తన కూలి లెక్క తెలవాలె. దొంగ హాజరును వదిలేసి బోర్ల సంగతి మాట్లాడితే దొంగకే లాభం.

ఎఫ్‌ఏ_నాగర్‌కర్నూల్:
దొంగ అంటే ఎవరన్నా? నన్నేనా? పదవిలో ఉన్న మీ చుట్టాల పనులు ఎప్పుడన్నా వేదిక మీదికి వచ్చినయా?

డిండి_రైతు:
మా చుట్టాలను తేవద్దు. రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వు, నేనే చదివిస్తా.

కూలీ_బిడ్డ_దేవరకొండ:
మీ ముగ్గురికీ ఒక మాట. మా అమ్మ వేదిక మీద మైకు పట్టుకుని, రాని కూలీకి హాజరు వేస్తున్నారని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత వారాల తరబడి ఆమెకు పని చూపలేదు. అడిగితే, పని కావాలని డిమాండ్ (దరఖాస్తు) పెట్టలేదన్నారు. తనిఖీ వాళ్లు మండలం దాటి పోయారు, అమ్మ అదే ఊళ్లో అదే మేటీ ముందు నిలబడాలె. మొన్నటి వేదికకు ఆమె పోలేదు.

ఎఫ్‌ఏ_నాగర్‌కర్నూల్:
చెల్లీ, ఇది నిజంగా తప్పు. నేను అడిగేదీ ఇదే. పైవాళ్లను అడగలేని తనిఖీ కింద ఉన్నోళ్లను ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పుతది.

డిండి_రైతు:
దానికి తనిఖీ వద్దంటే ఒప్పుకోను. పోయినసారి మాట్లాడినవాళ్లకు ఈ ఆరు నెలల్లో ఎన్ని పనిదినాలు దొరికినయో, పోయినసారి తేల్చిన తప్పుల మీద ఏం చర్య తీసుకున్నరో, ఆ రెండు లెక్కలు చదివినాకనే కొత్త తనిఖీ మొదలుపెట్టాలె. మా గ్రామసభలో తీర్మానానికి పెడతా. చెల్లీ, మీ అమ్మ జాబ్ కార్డు, డిమాండ్ రసీదులు దగ్గర పెట్టుకోండి.

కూలీ_బిడ్డ_దేవరకొండ:
రసీదు అడిగితే ఇయ్యలేదన్నా.