ఐసీయూ పేషెంటు చర్మం రీడింగ్: 31 రాసుకోవాలా, 19 రాసుకోవాలా?

స్టాఫ్ నర్సు, నల్లగొండ:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ థీసిస్ కోసం వెంటిలేటర్ మీదున్న పేషెంట్లకు టీఈడబ్ల్యూఎల్ కొలుస్తున్నా, అంటే చర్మంలోంచి ఆవిరయ్యే నీరు, చదరపు మీటరుకు గంటకు ఇన్ని గ్రాములని. మాది ఓపెన్ ఛాంబర్ మీటర్, అంటే చర్మం మీద ఆనించే గొట్టం పైన తెరిచే ఉంటుంది. నిన్న నైట్ డ్యూటీలో ఒక పెద్దాయనకు ముంజేతి మీద 9 వచ్చింది. పక్కకు తిప్పి శాక్రం దగ్గర, అంటే నడుము కింద వెన్ను చివర, పెడితే 31. అయిదు నిమిషాలాగితే 24, ఇంకాసేపటికి 19. అక్కడ ఎరుపు కూడా లేదు. మెషీన్ పాడైందేమోనని ఒకటే టెన్షన్.

స్కిన్ డాక్టర్, మహబూబ్‌నగర్:
మెషీన్‌కేం కాలేదమ్మా. రెండు గంటలు వీపు మీదే ఉన్న మనిషి కదా, ఆవిరి పోయే దారిలేక తడి పైపొరలోనే నిలిచిపోతుంది. తిప్పగానే అది ఎగిరిపోతుంటే మీటర్ దాన్నీ లెక్కేసింది. దుప్పటి తీసి 15–20 నిమిషాలు వదిలి, అంకె దిగడం ఆగాక రాసుకోండి. పక్కకు తిప్పితే శాక్రం నిలువుగా ఉంటుంది, ఓపెన్ ఛాంబర్‌కు అది పడదు. క్లోజ్డ్ ఛాంబర్ దొరికితే అడగండి. ఏసీ గాలి నేరుగా తగులుతోందా? జ్వరం దిగి చెమట పడుతుంటే మాత్రం ఆ పూట కొలవకండి, చెమట కూడా అందులోనే కలుస్తుంది.

స్టాఫ్ నర్సు, నల్లగొండ:
ఏసీ సరిగ్గా ఆ బెడ్ మీదికే కొడుతుంది సార్. మందుల అట్టపెట్టె రెండువైపులా కోసి అడ్డం పెడతా.

రిటైర్డ్ హెడ్ నర్సు, మిర్యాలగూడ:
నాకు మీ 31 కన్నా ఆ 9 మీదే అనుమానం తల్లీ. స్పాంజ్ బాత్ ఎప్పుడిచ్చారు, సబ్బుతోనా? మామూలు సబ్బు పీహెచ్ 9, 10 ఉంటుంది, చర్మానిది 5 దగ్గర. సబ్బుతో తుడిచిన వెంటనే కొలిస్తే ఎక్కువ చూపిస్తుంది. నూనె రాస్తే తక్కువ. విజిటింగ్ టైంలో మనవాళ్లు చేసే మొదటి పని అదే కదా!

స్టాఫ్ నర్సు, నల్లగొండ:
అమ్మా, దొరికింది. కోడలు రోజూ సాయంత్రం వచ్చి ఆయన రెండు చేతులకూ కొబ్బరినూనె రాసి పోతోంది. థీసిస్ సంగతి చెప్పి, ఎడమచెయ్యి వదిలేయమని ఇవాళ బతిమాలాను. "ఒక్క చేతికే రాస్తే మామయ్య ఏమనుకుంటాడు మేడం" అంది. సరే, ఆయన్ని లిస్టులోంచి తీసేశా.