1973 నాటి అంబాసిడర్ మార్క్ 2: ఉన్న ఇంజన్‌నే బాగు చేయించాలా, ఇసుజు ఎక్కించాలా?

ప్రశ్న: పటమట, విజయవాడ

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1973లో కొత్తగా కొన్న అంబాసిడర్ మార్క్ 2 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. తొమ్మిదేళ్లు కదలకుండా నిలిచిపోయిన ఆ బండికి నిరుడు తుప్పు పట్టిన చోటల్లా రేకు మార్పించి, బ్రేకులు, వైరింగు కొత్తవి వేయించి మళ్లీ రోడ్డెక్కించాను. ఇంజన్ జోలికి మాత్రం వెళ్లలేదు. ఇప్పుడది నాలుగు వందల కిలోమీటర్లకు లీటరు ఆయిలు తాగుతోంది. వారధి మీద కాస్త గట్టిగా తొక్కితే వెనక నీలం పొగ కమ్ముకుంటోంది. ఎండాకాలంలో మంగళగిరి చేరేసరికి టెంపరేచరు ముల్లు చివరికి వెళుతోంది.

ఆటోనగర్‌లో ముగ్గురు మెకానిక్కులను అడిగితే ముగ్గురూ మూడు మాటలు చెప్పారు. ఒకరు ఉన్న 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌నే విప్పి రీబోరు (సిలిండర్ల లోపలి రంధ్రాన్ని, అంటే బోరును, కాస్త పెద్దది చేసి కొత్త పిస్టన్లు వేయడం) చేయిద్దామన్నారు. రెండోవారు తుక్కుకు వచ్చిన అంబాసిడర్ నుంచి ఇసుజు 1800 ఇంజన్‌ను అయిదు గేర్ల బాక్సుతో సహా తెచ్చి ఎక్కిద్దామన్నారు. మూడోవారు డీజిల్ ఇంజన్ వేస్తే ఖర్చు కలిసొస్తుందన్నారు. ఆదివారాలు అమరావతికో గుంటూరుకో, ఏడాదికి రెండు మూడుసార్లు హైదరాబాదుకో ఈ బండిలోనే వెళ్లాలన్నది నా కోరిక. అనుభవం ఉన్నవారు దారి చూపగలరు.

సమాధానం: గుంటూరు

అయ్యా, నేను ఆరేళ్ల క్రితం నా అంబాసిడర్‌కు ఇసుజు ఎక్కించాను కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నడకలో పోలికే లేదు. పాత ఇంజన్ సుమారు 50 అశ్వశక్తిది, ఇది 75. అయిదో గేరులో హైవే మీద హాయిగా వెళుతుంది. అయితే ఇంజన్ ఒక్కటే మారుతుందని అనుకోకండి. మౌంటింగులు మార్చాలి, వెనక చక్రాలకు శక్తిని చేర్చే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు సరిచేయించాలి, రేడియేటరు పెద్దది కావాలి. మీ మార్క్ 2లో గేరు రాడ్డు స్టీరింగు దగ్గర ఉంటుంది. కొత్త గేర్‌బాక్సుకు రాడ్డు కింద నుంచి వస్తుంది గనుక ఫ్లోరు కోయక తప్పదు. కోసిన రోజు మా అమ్మ బండి పక్కనే నిలబడి ఏమీ మాట్లాడలేదు. ఆ కోత నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. పైగా నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండికి వేగం పెంచితే ముందు చక్రాలకు డిస్కులు వేయించడం తప్పనిసరి.

అన్నిటికంటే పెద్ద చిక్కు కాగితాలది. నాకు ఇంజన్ అమ్మిన వ్యాపారి ముందు సరేనని, డబ్బు తీసుకున్నాక అసలు బండి కాగితాలు ఇవ్వలేకపోయాడు. ఇంజన్ మార్చిన 14 రోజుల్లోగా రవాణా శాఖకు తెలియజేసి ఆర్సీలో రాయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఆ ఇంజన్ ఏ బండిదో రుజువు చూపడానికి నేను ఏడాది తిరిగాను. డీజిల్ అయితే ఆర్సీలో ఇంధనం కూడా మారుతుంది, బరువు ముందుకు పడుతుంది. మీ వాడకానికి అది అక్కరలేదని నా అభిప్రాయం.

సమాధానం: ఆటోనగర్, లేతు పని

ఏ ఇంజన్ అన్నది తర్వాత మాట, ముందు ఉన్నదాన్ని కొలవండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (పిస్టన్ పైకి నొక్కినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి) చూసి, తక్కువ వచ్చినదానిలో ప్లగ్గు రంధ్రం గుండా చెంచాడు ఆయిలు పోసి మళ్లీ చూడండి. అంకె పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉన్నట్టు. పెరగకపోతే వాల్వుల్లో ఉన్నట్టు. తర్వాత హెడ్డు విప్పి, బోరు పై అంచు దగ్గర గోరుతో కిందికి గీయండి. గోరు మెట్టుకు తగిలినట్టు ఆగితే బోరు అరిగిందని అర్థం. ఈ ఇంజన్ అసలు బోరు 73.025 మిల్లీమీటర్లు. ఇంతకుముందు ఎన్ని థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తీశారో పిస్టన్ తల మీద కొట్టి ఉంటుంది. 40 థౌ దాటితే స్లీవులు (బోరులో దూర్చే ఇనుప గొట్టాలు) వేసి మళ్లీ స్టాండర్డు పిస్టన్లకు తేవచ్చు. బ్లాకు పగలనంతవరకు దాన్ని పారేయాల్సిన అవసరం లేదు.

హెడ్డు నా దగ్గరకు వచ్చినప్పుడు ఎగ్జాస్టు వాల్వుల కింద గట్టి సీట్లు (వాల్వు మూసుకున్నప్పుడు ఆనే అంచులు) వేయించుకోమనే చెబుతాను. ఈ హెడ్డు సీసం కలిపిన పెట్రోలు కాలంలో తయారైంది. 2000 నుంచి దేశమంతటా, సీట్లను అరగకుండా కాపాడే ఆ సీసం లేని పెట్రోలే కాబట్టి, పోత ఇనుములోనే కోసిన పాత సీట్లు లోపలికి దిగిపోతాయి. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది గనుక పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపు డయాఫ్రమ్ కూడా దానికి తట్టుకునేవి వేయాలి.

వేడెక్కడానికి ఇంజన్ చిన్నది కావడం కారణం కాదు. బ్లాకు పక్కన నీటి దారులను మూసి ఉండే బిళ్లలు ఊడదీసి చూడండి, తొమ్మిదేళ్లు నిలిచిన నీటి తుప్పు లోపల ఒండ్రులా పేరుకుని ఉంటుంది. దాన్ని కడిగించకుండా రేడియేటరు ఒక్కటే మార్చినా లాభం ఉండదు.

సమాధానం: మంగళగిరి

ఒక్క విషయం కలుపుతాను. 2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన సొంత బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. మీ బండి ఆ వయసు దాటింది. ఇసుజు ఎక్కిస్తే ఆ అవకాశం పోతుంది. కానీ అలా నమోదైన బండిని ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతు వంటి వాటికే రోడ్డెక్కించాలి, రోజువారీ వాడకానికి పనికిరాదు. మీరు ఆదివారాలు తిరగాలంటున్నారు కాబట్టి మామూలు ఆర్సీనే అయిదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకుంటూ, ఇంజన్ మార్చకుండా ఉంటే ముందు ముందు రెండు దారులూ తెరిచి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఆటోనగర్ వారు చెప్పినట్టే చూశాం. మిగతా మూడు సిలిండర్లలో కంప్రెషన్ 110 పీఎస్‌ఐ దరిదాపుల్లో, మూడో నంబరు దానిలో 70 వచ్చింది. ఆయిలు పోశాక అది 105కు పెరిగింది. పిస్టన్ల మీద 40 అని ఉంది, బోరు పైభాగంలో 74.2 మిల్లీమీటర్ల వరకు అరిగింది. బ్లాకులో పగుళ్లు లేవు. బిళ్లలు తీస్తే చిక్కటి ఎర్ర బురద చేటెడు వచ్చింది. స్లీవులు వేయించి నాన్నగారి ఇంజన్‌నే నిలబెట్టాలని నిర్ణయించుకున్నాను.

సమాధానం: ఆటోనగర్, లేతు పని

మంచిదండీ. 40 థౌ అంటే 74.04, మీది దాన్ని కూడా దాటింది కాబట్టి స్లీవులే సరి. క్రాంకును (పిస్టన్లు తిప్పే ఇరుసును) కూడా కొలిపించండి, బోరు ఇంత అరిగాక అది బాగుంటుందని నమ్మలేం. బ్లాకును కడిగేవారికి ఇంజన్ నంబరు ఉన్న చోట ఇసుక కొట్టవద్దని, గ్రైండరు పెట్టవద్దని ముందే గట్టిగా చెప్పి, పని మొదలయ్యేలోగా ఆ నంబరును ఆర్సీతో కలిపి ఫొటో తీసి ఉంచుకోండి.